కొక్కెం కింద చుక్క

ఫిబ్రవరి 9

తమ్ముడికి,

నువ్వు బాగున్నావని, నీ చెవులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయని అనుకుంటూ రాస్తున్నాను. మొన్న ఫోనులో నేను అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. నీకు మాత్రం ఒక్క ముక్క వినబడలేదు. పోనీ మెసేజీలు చదువుకుందామంటే, కుట్టుమిషను తొక్కినట్టే తొక్కుతావు ఆ ఫోన్ని కూడా. కాబట్టి ఉత్తరమే గతి.

విషయానికొస్తాను. తొమ్మిదేళ్ళ పిల్లల్లో చురుకైనవాళ్ళని ఏరి కూర్చోబెట్టే ప్రత్యేక తరగతి ఉంది కదా, ఈసారి ఆ పరీక్షలో లెక్కల పేపర్లు దిద్దే పని నాకు వేశారు. ఇరవై రెండేళ్ళు సుద్దముక్కలు అరగదీసినందుకు దక్కిన గౌరవం అనుకో. మీ ఊరూ మా ఊరూ కలిపి నాలుగు వందల మంది పిల్లలు, ఇరవై నాలుగు సీట్లు. వచ్చినవాళ్ళకి ల్యాబు, లైబ్రరీ, బడి అయిపోయేదాకా మంచి టీచర్లు. రానివాళ్ళకి అరవై మంది కిక్కిరిసి కూర్చునే పాత గది. ఒక్కసారే రాయనిస్తారు, మళ్ళీ లేదు.

పేపర్ల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. అయినా మా చుట్టాల పిల్లలెవరూ రాయడం లేదని దిద్దేవాళ్ళం సంతకం పెట్టాలి. చుట్టం దిద్దినట్టు తేలితే ఆ పిల్ల పేపరు రద్దు. మీ అమ్మాయి పిడుగుకి ఈ ఏడు తొమ్మిది నిండాయి. రాస్తోందా, లేదా? రాస్తే నేను ఈ పని మానుకుంటాను, అందులో నాకేం బాధ లేదు. మొదటి వాక్యంలోనే అవునో కాదో చెప్పు. నీ ఉత్తరాల్లో జవాబు వెతకడమంటే బొత్తాల డబ్బాలో సూది వెతకడమే.

మరదలిని అడిగానని చెప్పు. మీ బావగారు రిటైరయ్యాక కుండీల్లో టమాటాలు పెంచుతున్నారు. నాలుగు కాశాయి. రోజుకి ఐదుసార్లు లెక్కపెడుతున్నారు.

నీ అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

కాదు. మొదటి వాక్యంలోనే రాశాను, చూసుకో. పిడుగు ఆ పరీక్ష రాయడం లేదు. దానికి కుదురుగా కూర్చోవడమే ఒక పరీక్ష. సంతకం పెట్టేసుకో.

ఇక నా ఉత్తరం నేను రాసుకుంటాను. కొట్లో పని బానే ఉంది. హోటలు వాళ్ళు వెయిటర్ల కోటులు నలభై ఇచ్చారు, నలభై మందికీ ఒకే కొలత అన్నారు. మనుషులు అట్టపెట్టెలనుకున్నారు కాబోలు. నేను కుదరదన్నాను, వాళ్ళేమన్నారో నాకు వినబడలేదు, కాబట్టి నేనే గెలిచాను.

మా మెట్ల కింద గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ చేరిందని చెప్పానా? ఆవిడకో కూతురు, పిడుగు తోటిదే, ఒకే తరగతి. నోట్లో నాలుక లేదు. గువ్వలా ముడుచుకుని కూర్చుంటుంది గనక దాన్ని మేమంతా గువ్వ అనే పిలుస్తాం. బడి వదలగానే వచ్చి నా కత్తిరింపు బల్ల కింద కూర్చుంటుంది. నేను సుద్దతో గుడ్డ మీద గీసిన ప్రతి గుర్తు మీదా వేలు పెట్టి, ఇదేమిటన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. నాకు వినబడదు, అది మాట్లాడదు, ఇద్దరికీ భలే కుదిరింది. నాన్న కొలతలకని కల్పించిన గుర్తులన్నీ దానికి పట్టుబడ్డాయి. మనం పోతే ఆ గుర్తులు కూడా పోతాయనుకున్నాను. పోవులే.

ఆ ప్రత్యేక తరగతి సంగతి వాళ్ళమ్మకి తెలియనే తెలియదు. అలాంటిదొకటుందని ఎవరు చెబుతారు ఆవిడకి? దరఖాస్తు నేనే తెచ్చి నింపాలనుకుంటున్నాను. ఆవిడకి చదువు రాదు, ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తుంది.

బావగారి టమాటాలకి నా అభినందనలు.

తమ్ముడు


మార్చి 12

తమ్ముడికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకు కోపంగా ఉంది, బాధగానూ ఉంది. ఏది ముందు రాయాలో తేలక రెండు కాగితాలు చింపాను.

నువ్వు నాతో అబద్ధం చెప్పావు. "కాదు" అని రాసి, తీరా పిల్లని తీసుకెళ్ళి పరీక్షలో కూర్చోబెట్టావు. నాకెలా తెలిసిందంటావా? నూట పద్దెనిమిదో పేపరు. గుడ్డని మూడు కొలతల్లో కత్తిరిస్తే ఎంత మిగులుతుందని ఒక లెక్క. జవాబు సరిగ్గా ఉంది. ఎలా ఆలోచించావో చూపించమన్న గడిలో అంకె ఒక్కటి లేదు, అన్నీ నాన్న కొక్కేలే. సగానికి కొక్కెం, పావుకి కొక్కెం కింద చుక్క, అరపావుకి రెండు చుక్కలు. లోకంలో ఆ గుర్తులు వేసేవాళ్ళం ముగ్గురమే. నాన్న లేడు, నేను దిద్దుతున్నాను, ఇక మిగిలింది నువ్వూ నీ కూతురూ.

లేచి వెళ్ళి అధికారికి చెప్పాల్సింది. చెబితే పిల్ల పేపరు రద్దయిపోతుంది, నా సంతకం అబద్ధమవుతుంది. ఆ గడికి పది మార్కులు, ఎంత వేయాలన్నది దిద్దేవాళ్ళ ఇష్టం. వేరే పిల్ల అయితే ఎనిమిది వేసేదాన్ని. మేనకోడలని తెలిశాక ఎనిమిది వేయడానికి చెయ్యి రాలేదు. నాలుగు వేశాను. మన పిల్లకి నేను ఎక్కువ వేశానని రేపు నా మనసు కూడా నన్ను అనకూడదనుకున్నాను. అదే న్యాయమనుకున్నాను.

నిన్న అంకెల జాబితా పెట్టారు. నూట పద్దెనిమిది అందులో లేదు. పిడుగుని తిట్టకు. దాని తెలివిలో లోపం లేదని చెప్పు. అది మనిద్దరి చేతుల్లో నలిగిపోయింది. దానికి ఏ పుస్తకాలు కావాలన్నా నేను పంపిస్తాను.

ఇంకేం రాయలేను.

అక్క


మార్చి 17

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి మీ మరదలు చదివింది. ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

పిడుగుకి సీటు వచ్చింది. ఇరవై నాలుగో సీటు, చివరిదే అయినా వచ్చింది. డెబ్బై మూడు మార్కులు. దాని అంకె నూట పద్దెనిమిది కాదు, నూట పంతొమ్మిది. అది రాలేదని నువ్వు ఏడవడమేమిటి, దానికి పుస్తకాలు పంపుతాననడమేమిటి? వచ్చిందని సంతోషించాల్సింది పోయి, ఎలాగైనా ఆపాలని చూశానని రాస్తావా? మార్కులు కోశావట. సొంత మేనత్తవి. మీ మరదలు అన్నం సరిగ్గా తినలేదు.

అబద్ధం సంగతి ఒప్పుకుంటాను. నీకు రాసిన రోజు నిజంగా రాయించే ఉద్దేశం లేదు. దరఖాస్తు గువ్వకే తెచ్చాను. ఆఖరి రోజున అది పిడుగు చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒక్కతీ వెళ్ళదట, తల అడ్డంగా ఊపుతూ నిలబడిపోయింది. సరే, తోడు వెళ్తుందిలే అని పిడుగుకి కూడా అక్కడే నింపి ఇచ్చేశాను. దీనికి వస్తుందని ఎవరనుకున్నారు? నీకు తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నీ సంతకం అంత పెద్ద విషయమని నాకు తట్టలేదు. బడివాళ్ళు ప్రతిదానికీ సంతకాలు పెట్టిస్తూనే ఉంటారు కదా.

గువ్వకి రాలేదు. డెబ్బై ఒకటి. రెండు మార్కుల్లో పోయింది. నాకు అదే మింగుడు పడడం లేదు. ఒక ప్రశ్నలో విమానం కిటికీ పక్కన ఎంతమంది కూర్చుంటారని అడిగారట. విమానానికి కిటికీలుంటాయా, తెరిస్తే గాలి కొట్టదా అని గువ్వ పిడుగు చెవిలో అడిగిందట, బయటికొచ్చాక. అయినా నా కళ్ళతో చూశాను, లెక్కల్లో ఆ పిల్ల ముందు మన పిల్ల బలాదూరు. వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా బతుకులకి అంతేలెండి" అని మళ్ళీ పనిలో పడింది.

ఇంకోటి. కొక్కేలంటావేమిటి? పిడుగు వాటిని ఒక్కనాడూ వేయలేదు. "నాన్నా, ఇవి పిచ్చి గీతలు, టీచరు తంతుంది" అంటుంది. అవి వచ్చింది గువ్వకి. పోయిన ఉత్తరంలోనే రాశాను కదా.

తమ్ముడు


మార్చి 21

తమ్ముడూ,

నీ పాత ఉత్తరం తీసి చదివాను. మొదటి వాక్యం చదివి, సంతకం పెట్టేసి, మిగతాది బావగారి టమాటా కుండీ కింద నీళ్ళు కారకుండా పరిచానట. ఆరబెట్టి చదివాను. గువ్వ అక్కడే ఉంది, నీ బల్ల కింద కూర్చుని, నాన్న గుర్తులన్నీ పట్టుకుని. నేనే చూడలేదు.

నూట పద్దెనిమిది గువ్వ.

నెమ్మదిగా చెబుతాను, నాకూ ఒకసారి సరిగ్గా అర్థం కావాలి. ఎనిమిది వేసే చోట నాలుగు వేశాను. వేసి ఉంటే ఆ పిల్లకి డెబ్బై అయిదు. పిడుగుకి డెబ్బై మూడు. ఆఖరి సీటు గువ్వది. ఇంతవరకూ పాపం ఒకటే అనుకున్నాను. కాదు. గువ్వ పేపరు కింద పెట్టాక నా మనసు బాగాలేదు. ఎవరికైనా మంచి చేయాలనిపించింది. తరువాతి పేపరు తీశాను. చక్కటి దస్తూరీ, పుస్తకంలో ఉన్నట్టే మెట్టు మెట్టుగా రాసింది. ఆరు చాలు. ఎవరి పిల్లో పాపం, బాగా కష్టపడిందనుకుని ఎనిమిది వేశాను. అది నూట పంతొమ్మిది.

చూశావా? చుట్టరికం చూపకూడదని పరాయి పిల్ల నోటి దగ్గర కూడు తీసి, ఎవరో పరాయి పిల్ల అనుకుని నా మేనకోడలికి పెట్టాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. ఏటా కొత్త టీచర్లకి నిష్పక్షపాతం మీద నేనే గంటసేపు ఉపన్యాసం ఇస్తాను.

సోమవారం అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుతాను. పిడుగుకి ఏమవుతుందో నాకు తెలియదు. తెలిస్తే వెళ్ళలేనేమోనని తెలుసుకోవడం లేదు.

అక్క


మార్చి 24

అక్కా,

వెళ్ళకు. ఈ ఉత్తరం అందేసరికి వెళ్ళకపోయి ఉంటే చాలు. రిజిస్టరు పోస్టులో వేస్తున్నాను.

నేను చెడ్డవాణ్ణి కాదు, నీకు తెలుసు. గువ్వ అంటే నాకు ప్రాణం. కానీ నా కూతురు నాలుగు రోజులుగా కొత్త బడికి దారి నేర్చుకుంటోంది. ఏ మలుపులో ఏ కొట్టుందో గోడమీద బొగ్గుతో గీసింది. అది తప్పు చేయలేదు, కాపీ కొట్టలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. నువ్వు వేసిన ఎనిమిది నువ్వు వేశావు, అది అడిగిందా? చుట్టం దిద్దిన పేపరని దాన్ని రద్దు చేస్తే, సీటు గువ్వకే వస్తుందని నమ్మకమేముంది? రెండూ పోతే?

దానికి చెప్పకూడదనుకున్నాను. కానీ మీ మరదలూ నేనూ ఈ విషయం గుసగుసగా మాట్లాడుకోలేం, నాతో గుసగుసలాడితే వీధి చివరిదాకా వినబడాలి. మొత్తం వినేసింది. కాసేపు గోడమీద దాని దారి చూస్తూ కూర్చుని, "నాన్నా, అయితే నాకు తెలివి ఉన్నట్టా, లేనట్టా?" అంది. నాకు వినబడనట్టు ఊరుకున్నాను. చెవిటితనం ఒక్కోసారి పనికొస్తుంది. కానీ వినబడింది అక్కా.

ఉందని చెప్పాలని ఉంది. ఎంత ఉందో ఏ టేపుతో కొలిచి చెప్పను? నలభై మంది వెయిటర్లకి ఒకే కొలత కుదరదని పోట్లాడినవాణ్ణి.

వెళ్ళకు.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నేను సోమవారమే వెళ్ళాను.

చెప్పింది విని అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. పిడుగు పేపరు రద్దు చేయరట, నాకు తెలియక జరిగింది గనక. అంతవరకూ ఊపిరి పీల్చుకో. నన్ను మాత్రం ఇక ఏ దిద్దుడుకీ పిలవరు. నేను దిద్దిన కట్టంతా ఇంకొకాయనకి ఇచ్చి మళ్ళీ దిద్దించారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గువ్వ గడికి ఆయన రెండు మార్కులు వేశాడు. "అర్థంలేని గీతలు, జవాబు ఎక్కడినుంచో చూసి రాసి ఉండవచ్చు" అని పక్కన రాశాడు. నాలుగు కూడా పోయి రెండు. పిడుగుకి తొమ్మిది వేశాడు, మెట్లు స్పష్టంగా ఉన్నాయని. ఇప్పుడు మన పిల్ల డెబ్బై నాలుగు, ఆ పిల్ల అరవై తొమ్మిది.

ఆ గీతలకి అర్థముందన్నాను. కాగితం మీద గీసి చూపించాను. ఆయన నా కాగితం ముట్టుకోలేదు. నా మేనకోడలు అదే సీటు మీద ఉంది గనక ఈ విషయంలో నేనేం చెప్పినా వినకూడదట. "నా మేనకోడలికి నష్టం వచ్చేదే కదండీ చెబుతున్నాను" అంటే, "ఎటు చెప్పినా వినకూడదమ్మా, అదే నిబంధన" అన్నాడు. ఆయన మంచివాడే. నేనే ఆయన కుర్చీలో ఉంటే అదే మాట అనేదాన్ని. దారిలో బస్సు దిగడం మరిచిపోయి చివరిదాకా వెళ్ళాను. ఆ గీతలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చదవకూడనిదాన్నీ నేనే. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు బోధపడడం లేదు. ఇరవై రెండేళ్ళు నేను దిద్దిన పేపర్లలో అర్థం కాక కొట్టేసిన గీతలు ఎన్ని ఉన్నాయో అని భయమేస్తోంది.

ఒక్కటి ఒప్పుకున్నారు. పిల్లే వచ్చి తను ఎలా చేసిందో బోర్డు మీద చూపిస్తే మళ్ళీ మార్కులు వేస్తారు. ఏప్రిల్ 8, ఉదయం పది గంటలకి, మీ ఊరి బళ్ళోనే. పది నిమిషాలు, పక్కన ఎవరూ ఉండకూడదు. ఆ రోజు రాకపోతే ఇక మూసేస్తారు. ఎనిమిది వచ్చాయా, గువ్వ లోపల, పిడుగు బయట.

నోటీసు ఇస్త్రీ ఆవిడ పేరు మీద వస్తుంది. ఆవిడ దాన్ని ఎవరి దగ్గరికి తెస్తుందో నీకు తెలుసు, నాకు తెలుసు. నేనేమీ చెప్పను. చెప్పే అర్హత పోగొట్టుకున్నాను.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

నోటీసు ఆరో తారీఖున వచ్చింది. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని తెచ్చి ఇచ్చింది. "ఏమిటో చూడండి, మళ్ళీ గది ఖాళీ చేయమనా?" అని సైగ చేసింది.

నీ దగ్గర దాచను. చదివాను. చదివి, కత్తెర తీసి, పక్కనున్న దారం కత్తిరించాను. ఇంకో దారం కత్తిరించాను. "ఏం లేదమ్మా, మార్కుల కాగితం" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగే నాలుగు మాటలు. ఆవిడ ఇంక నా మొహం చూడకుండా వెళ్ళిపోయేది. ఇంట్లో గోడమీది బొగ్గు దారి నా కళ్ళముందు మెదిలింది.

ఈలోగా పిడుగు వెనకనుంచి వచ్చి కాగితం లాక్కుంది. నాకోసం ఏది చదివినా అది గొంతు చించుకునే చదువుతుంది, పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. తారీఖు, టైము, బోర్డు, పది నిమిషాలు, అన్నీ చదివింది. నాకు వినబడింది. ఆవిడకి వినబడింది. ఎదురుగా పాలకొట్టు వాడు కూడా బయటికొచ్చి చూశాడు. చదివాక కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టి, బల్ల కింద ఉన్న గువ్వని చెయ్యి పట్టి లాగింది. అది నాకోసం అరిచిందో, ఆవిడకోసం అరిచిందో నేనడగలేదు. అడగడానికి సిగ్గేసింది.

ఎనిమిదో తారీఖున ముగ్గురం వెళ్ళాం. గేటు దగ్గర నా సుద్ద గువ్వకిచ్చాను, బడి సుద్ద దానికి చేతిలో నిలవదు. పిడుగూ నేనూ బయట చెట్టు గట్టు మీద కూర్చున్నాం. పది నిమిషాలన్నారు, నలభై అయింది. బయటికొచ్చి, నువ్వు నమ్మవు, గువ్వ గడగడా మాట్లాడింది. పిడుగుతోనే అనుకో, పిడుగు నాకు అరిచి చెప్పింది. లోపల ముగ్గురున్నారట. గువ్వ ముందు ఏమీ అనలేదట, బోర్డు మీద కొక్కెం వేసింది, చుక్క పెట్టింది, తన గౌను అంచు పట్టుకుని సగానికి మడిచి చూపించింది, మళ్ళీ మడిచింది. వాళ్ళలో ముసలాయన కూడా తన రుమాలు తీసి మడిచి చూశాడట. "ఇది ఎవరు నేర్పారు?" అంటే "పిడుగు వాళ్ళ నాన్న" అందట. "నీకు బదులు సీటు వచ్చిన పాప వాళ్ళ నాన్నా?" అంటే తల ఊపిందట.

జాబితా ఇరవయ్యో తారీఖున పెడతారు. ఏమవుతుందో తెలియదు. ఏమవ్వాలని కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు. పొద్దున ఒకటి కోరుకుంటాను, సాయంత్రానికి ఇంకోటి. పిడుగు మళ్ళీ అడిగింది, తెలివి ఉన్నట్టా లేనట్టా అని. ఈసారి వినబడనట్టు నటించలేదు. తెలివి సంగతి నాకు కొలవడం రాదమ్మా, నువ్వు ఆ కాగితం చదివావు చూడు, అది నాకు చేతకాలేదు అన్నాను. అది ఆలోచించి, "అయితే సీటు రాదన్నమాట" అంది. ఇద్దరం కాసేపు నవ్వాం. తర్వాత అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను అక్కా, రాయడానికి సిగ్గెందుకు.

ఆ తరగతి యూనిఫాం గుడ్డ పిడుగు కోసం కిందటి నెలే కొని బల్ల మీద పెట్టుకున్నాను, ఒక్క జతకి సరిపడా. జాబితా వచ్చాక కుట్టవచ్చు. కానీ చూస్తూ చూస్తూ ఊరుకోలేక నిన్న కత్తెర పెట్టాను. పిడుగు పొడుగు, గువ్వ చిన్నది. పెద్ద కొలతకి కత్తిరించి, మిగిలింది లోపలికి మడిచి, గువ్వ కొలతకి కుట్టాను. విప్పాల్సి వస్తే అరగంట పని.

కొలత తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది పిడుగే.

ఈ ఉత్తరం మాత్రం కుండీ కింద వేయకు.

తమ్ముడు